వీధిలో కళా ఉత్సవాలు జరిపితే భిన్న సంస్కృతుల వారు నిజంగా దగ్గరవుతారా?

ఒకే వేదికెక్కినంత మాత్రాన కారు. ఎవరు ఎవరి వాకిటికి వచ్చారన్నదే అసలు సంగతి.

చెన్నైలో ఏటా డిసెంబరులో సంగీత సభలు కిటకిటలాడతాయి. మన త్యాగరాజ కృతులు అక్కడ మారుమోగుతాయి కానీ, శ్రోతలంతా దాదాపు ఒకే వర్గం. 2015లో గాయకుడు టి.ఎం.కృష్ణ, పర్యావరణ కార్యకర్త నిత్యానంద్ జయరామన్ తదితరులు బెసంట్ నగర్ పక్కనున్న మత్స్యకారుల పేట ఊరూర్ ఆల్కాట్ కుప్పంలో, ఆ ఊరివారితో కలిసి ఉత్సవం మొదలుపెట్టారు. కర్ణాటక సంగీతం, భరతనాట్యంతో పాటు విల్లుపాట్టు (విల్లు వాయిస్తూ కథ చెప్పే తమిళ జానపద కళ), పఱై ఆటం (పఱై అనే వాద్యం మోగిస్తూ ఆడే ఆట) కూడా అక్కడ చోటు దక్కించుకున్నాయి.

పఱై మన డప్పుకు దగ్గరి చుట్టం. వాయించే ముందు మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు; ఒక చేత పొట్టి కర్ర, మరో చేత సన్నని పొడవాటి పుల్ల. చావు మేళమని, దళితుల వాద్యమని దాన్ని ఇన్నాళ్లూ దూరం పెట్టారు. అది మృదంగం మోగిన వేదిక మీదే మోగితే కులం ప్రస్తావన రాక తప్పదు. బహిరంగ చర్చ అవసరమయ్యేది ఇక్కడే.

‘జాలర్లకు శాస్త్రీయ సంగీతం నేర్పి ఉద్ధరిస్తారా?’ అన్న అనుమానం సహజం, న్యాయం కూడా. నా దృష్టిలో మారాల్సింది సభలకు అలవాటుపడ్డ శ్రోతలే. ఇసుకలో కూర్చుని వినాల్సిందీ వాళ్లే.

మీ ఊళ్లో ఇలాంటిది తలపెడితే కార్యక్రమాల జాబితా ఖరారు కాకముందే పేటవారిని కూర్చోబెట్టుకోండి. డప్పు కళాకారులకు, గాయకులకు పారితోషికం ఒకేలా ఇవ్వండి.