ఉబుంటు పోలేదు, ఫార్మాట్ చేయించకండి

ప్రశ్న: సార్, నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, ఉబుంటు అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఉన్నాయి. ఆన్ చేయగానే ఏది కావాలో అడిగే మెనూ వచ్చేది. మొన్న విండోస్ అప్‌డేట్ అయ్యాక మెనూ రావట్లేదు, నేరుగా విండోస్‌లోకే వెళ్తోంది. దగ్గర్లో ఒక షాపులో చూపిస్తే మొత్తం ఫార్మాట్ చేయాలన్నారు. ప్రాజెక్ట్ అంతా ఉబుంటులోనే ఉంది, వచ్చే వారం సబ్మిషన్. చాలా టెన్షన్‌గా ఉంది.
- బీటెక్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఫార్మాట్ మాత్రం వద్దు. ఇలాంటప్పుడు ఆ మాట వింటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే కనిపించకుండా పోయింది మెనూ ఒక్కటే, ఫార్మాట్ కొడితే పోయేది మీ నెలల కష్టం. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి. మీరు ఉబుంటుకి ఇచ్చిన జాగా డ్రైవ్ అక్షరం లేకుండా అలాగే ఉంటుంది. చూసి వదిలేయండి, అక్కడ ఏదీ నొక్కొద్దు.

ఆ మెనూ పేరు గ్రబ్. ఆన్ చేయగానే ముందు ఎవర్ని లేపాలో మదర్‌బోర్డు ఒక వరుస దాచుకుంటుంది, అప్‌డేట్ సమయంలో విండోస్ ఒక్కోసారి ఆ వరుసలో పైకి ఎక్కి కూర్చుంటుంది. మీకు జరిగింది బహుశా ఇదే.

ఈ వరుస మార్చేది బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో. అందులోకి వెళ్లేముందు ఒక పని తప్పకుండా చేయండి. డిస్క్‌కి బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే, సెట్టింగ్ మార్చాక 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో చూసి కాగితం మీద రాసుకోండి. తర్వాత ఆన్ చేస్తూనే ఎఫ్2 నొక్కుతూ ఉండండి (కొన్ని కంపెనీలకి డిలీట్, ఎస్కేప్), బూట్ ఆర్డర్‌లో (పైన చెప్పిన వరుస ఇదే) ఉబుంటుని విండోస్ బూట్ మేనేజర్ కంటే పైకి జరిపి సేవ్ చేయండి. చాలామందికి ఇంతటితో సరిపోతుంది.

జాబితాలో ఉబుంటు పేరే లేకపోతే ఉబుంటు ఇన్‌స్టాల్ చేయడానికి వాడే పెన్‌డ్రైవ్ పెట్టి, ఇన్‌స్టాల్ జోలికి పోకుండా 'ట్రై ఉబుంటు'తో తెరవండి. మొదట ప్రాజెక్ట్‌ని ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, ఆ తర్వాతే నెట్ కలిపి బూట్-రిపేర్ అనే ప్రోగ్రామ్ ఎక్కించి, అది సూచించే రిపేర్ నడపండి.

ఇంత చేశాక మెనూ వచ్చి, అందులో విండోస్ లేకపోయినా కంగారు పడకండి. గ్రబ్ 2.06 నుంచి వేరే సిస్టమ్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్‌ని మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. గ్రబ్ సెట్టింగుల ఫైల్‌లో (/etc/default/grub) దాన్ని డిసేబుల్ చేసే లైన్‌కి 'ఫాల్స్' అని పెట్టి, లైన్ ముందు హ్యాష్ గుర్తుంటే తీసేసి, టెర్మినల్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ (sudo update-grub) కొట్టండి, విండోస్ కూడా వరుసలోకి వస్తుంది.