సగటు లెక్కల సూత్రాలు పరీక్షలో గుర్తుకు రావడం లేదు, ఏం చేయాలి?

బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని, సగటు మీద సూత్రాలన్నీ బట్టీ పట్టినా ఏది ఎక్కడ వాడాలో తేలక టెన్షన్ పడుతున్నానని రాశారు. నాదీ ఒకప్పుడు అదే బాధ. నంద్యాలలో కోచింగ్‌కి వెళ్ళే రోజుల్లో నా నోట్సులో సగటుకే రెండు పేజీల సూత్రాలుండేవి. సమయానికి ఒక్కటీ తట్టేది కాదు. క్లర్క్ ప్రిలిమ్స్‌లో 35 లెక్కలకు 20 నిమిషాలు. గుర్తు చేసుకుంటూ కూర్చునే తీరిక ఎక్కడ?

మా రూమ్‌లో ఒకన్న ఉండేవాడు. నెలాఖరున ఖర్చులు పంచుతూ, "సగటంటే ఇదేరా. అందరి దగ్గరా సమానంగా ఉందనుకో. ఎవడెంత తెచ్చాడు, ఎవడెంత పట్టుకుపోయాడు, అది చూడు చాలు" అన్నాడు. ఆ రోజుతో నా రెండు పేజీలూ అటకెక్కాయి.

ఉదాహరణకు, అయిదు సంఖ్యల సగటు 27. ఒకటి తీసేస్తే సగటు 25 అయింది. తీసేసింది ఎంత? అయిదుగురి దగ్గరా తలా 27 రూపాయలున్నాయనుకోండి. వెళ్ళినవాడు తన 27తో పాటు మిగిలిన నలుగురి దగ్గరా తలా 2 లాక్కుపోయాడు. 27 + 8 = 35. పెన్ను కదపక్కర్లేదు.

మార్కులు తప్పుగా వేసుకునే లెక్కలూ ఇంతే. 20 మంది సగటు 56 వచ్చింది, కానీ ఒకరి 84ను 48గా రాశారట. పోయిన 36ను 20 మందికి పంచితే తలా 1.8. అసలు సగటు 57.8.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం ఈ రకం: 11 సంఖ్యల సగటు 50, మొదటి ఆరింటిది 49, చివరి ఆరింటిది 52, ఆరో సంఖ్య ఎంత? 294, 312, 550 అంటూ గుణకారాలు చేయొచ్చు, తప్పేం లేదు. నేనైతే 50ని గీతగా పెట్టుకుంటాను. మొదటి ఆరు కలిపి గీతకు 6 తక్కువ, చివరి ఆరు కలిపి 12 ఎక్కువ. నికరంగా 6 మిగిలింది. పదకొండూ ఒక్కోసారే లెక్కపెడితే తేడా సున్నా రావాలి కదా! ఆరో సంఖ్యను రెండుసార్లు కలిపాం కాబట్టి ఆ 6 దానిదే. జవాబు 56.

క్రికెట్ లెక్కలొస్తే, ఒక్కో ఇన్నింగ్స్‌నూ ఒక్కో మనిషి అనుకోండి. 12వ ఇన్నింగ్స్‌లో 76 కొట్టాక సగటు 4 పెరిగిందంటే, 76తో వచ్చిన కొత్తవాడు తనతో కలిపి 12 మందికీ తలా 4 పంచినట్టే. 76 − 48 = 28 పాత సగటు, కొత్తది 32. (నిజం క్రికెట్‌లో పరుగులను అవుటైన ఇన్నింగ్స్‌తోనే భాగిస్తారు. ప్రశ్నపత్రంలో నాటౌట్ ఊసే ఉండదు, మీరూ ఎత్తకండి.)

ఈ పద్ధతిని గుడ్డిగా వాడి నేను మార్కు పోగొట్టుకున్నది వేగాల దగ్గర. వెళ్ళేటప్పుడు గంటకు 40, అదే దారిలో వచ్చేటప్పుడు 60 అనగానే 50 పెట్టేశాను. ఆప్షన్లలో 50 మొదటే ఉంది మరి! దూరం 120 కిలోమీటర్లనుకుంటే వెళ్ళడానికి 3 గంటలు, రావడానికి 2. మొత్తం 240ని 5తో భాగిస్తే 48. మెల్లగా వెళ్ళిన దారికే ఎక్కువ సేపు పట్టింది కాబట్టి సగటు అటు వైపు జరిగింది. ఆ ప్రశ్నకు రావాల్సిన మార్కు రాలేదు సరికదా, నెగెటివ్ కింద ఇంకో పావు పోయింది.