ఆయాసంతో వచ్చిన మనిషిని ఎలా చూడాలి

చిరంజీవి అమ్మడికి ఆశీస్సులు.

ఉద్దానం వైపు పీహెచ్‌సీలో చేరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. అక్కడ ఓపీలో నువ్వు రోజూ వినే మాట 'ఆయాసం డాక్టరమ్మా' అనేదే. ఆ మాట వినగానే నెబ్యులైజర్ పెట్టి పంపించే అలవాటు మాత్రం చేసుకోకు. ఉబ్బసం అని రాసేశాక అసలు జబ్బును ఇంకెవరూ వెతకరు.

ముందు మనిషిని చూడు. వాక్యం పూర్తిగా చెప్పగలుగుతున్నాడా, రెండు మాటలకే ఆగిపోతున్నాడా? ఆగిపోతుంటే కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టు, వివరాలు తర్వాత. శ్వాస ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టు. కేస్‌షీట్లలో చూడకుండానే అందరికీ 18 అని రాసేస్తుంటారు. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. 25 దాటితే ఆ మనిషిని వదలకు.

ఎప్పుడు మొదలైందని అడిగితే 'చాన్నాళ్లయింది' అంటారు. 'పోయిన సంక్రాంతికి బిందెతో నీళ్లు మోశావా? ఇప్పుడు మోయగలవా?' అని అడుగు, తేలిపోతుంది. నిమిషాల్లో ముంచుకొస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడమో, రక్తగడ్డ అడ్డుపడటమో, గుండెపోటో అయుండొచ్చు. కాన్పయిన కొత్తలోనో, ఆపరేషన్ తర్వాతో అయితే రక్తగడ్డ అనుమానంతో పిక్కల వాపు తప్పక చూడు. వారాల మీద పెరిగితే రక్తహీనత, టీబీ వల్ల ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు, గుండె బలహీనత. ఏళ్ల తరబడి ఉంటే పొగ సంగతి అడుగు. ఆడవాళ్లనూ అడుగు. కట్టెల పొయ్యి ఉంటుంది, మన తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే అవ్వలూ ఉన్నారు.

పడుకుంటే ఎక్కువవుతోందా, అర్ధరాత్రి లేచి కూర్చుంటున్నాడా? అలాగైతే గుండెను అనుమానించు. అరవై ఏళ్లకు మొదటిసారి పిల్లికూతలు వినిపిస్తే ఈసీజీ తీయకుండా ఉబ్బసం అనకు. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు నొప్పే లేకుండా వట్టి ఆయాసంగానూ వస్తుంది. ఇక ఉబ్బసం రోగి రొప్పుతూనే ఉండి కూతలు ఆగిపోతే తగ్గిందనుకోవద్దు. గాలే ఆడటం లేదన్నమాట.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపించినంత మాత్రాన నిశ్చింత పనికిరాదు. రక్తం బాగా తక్కువున్న మనిషికీ అది 98 చూపిస్తుంది, పెదాలు కూడా నీలమవ్వవు. కింది రెప్ప లాగి పాలిపోయిందేమో చూడు.

స్టెత్ పెట్టి వింటే ఛాతీ శుభ్రంగా ఉండి, శ్వాస మాత్రం లోతుగా, వేగంగా ఉందా? వెంటనే షుగర్, మూత్రంలో కీటోన్లు చూడు. మీ ప్రాంతంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష మరీ ముఖ్యం. ఉద్దానం కిడ్నీ రోగికి ఒంట్లో నీరు, రక్తహీనత, యాసిడ్ మూడూ కలిసి ఆయాసం తెస్తాయి. అందుకే ఒక కారణం దొరికిందని ఆగిపోకు.

ఆరేడు నెలల గర్భిణి మెట్లెక్కలేకపోతున్నానంటే 'కడుపుతో ఉంటే అంతేలే' అనకు. చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల ఇరుకైపోయిన గుండెలోని మైట్రల్ కవాటం, రక్తం పెరిగే ఆ నెలల్లోనే బయటపడుతుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి వదిలించి, స్టెత్ గంట వైపు తేలిగ్గా ఆనించి విను. సన్నని ఉరుములా వినిపిస్తుంది. ఆ మోత ఒక్కసారి పట్టుబడితే ఇక మరిచిపోవు.

టెన్షన్ వల్ల అనే మాట ఇవన్నీ చూశాకే. ఈసీజీలో అనుమానమొస్తే ఫొటో తీసి పంపు, ఏ వేళైనా సరే.

మీ పెదనాన్న