చదరంగం పలకకు నాలుగు బద్దలు

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు.

బాబుకి చదరంగం పలక నీ చేత్తో చేసి ఇస్తానన్నావు. చాలా సంతోషం తల్లీ. రోజ్‌వుడ్, ఎబోనీ లాంటి నల్లకర్ర ముక్కలు ఎక్కడ దొరుకుతాయో తెలియక, కలప అడితికి వెళ్తే దుంగ కొంటేనే ఇస్తామన్నారని దిగులు పడుతున్నావు. ముందు నీకు ఎంత కర్ర కావాలో లెక్క వేద్దాం.

అరవై నాలుగు గళ్ళూ విడివిడిగా కోసి అతికించే పని పెట్టుకోకు. గడి ఒకటిన్నర అంగుళం అనుకో. నల్లవి నాలుగు బద్దలు, తెల్లవి నాలుగు బద్దలు చాలు. ఒక్కోటి ఒకటిన్నర అంగుళం వెడల్పు, అర అంగుళం మందం, 14 అంగుళాల పొడవు. నలుపు పక్కన తెలుపు, తెలుపు పక్కన నలుపు పెట్టి అతికించు. ఆరాక వాటిని అడ్డంగా, ఒకటిన్నర అంగుళం చొప్పున ఎనిమిది వరసలు కోసి, ఒకటి విడిచి ఒకటి తిప్పి పెడితే గళ్ళు వాటంతటవే పడతాయి. పన్నెండు అంగుళాల పనికి పద్నాలుగు ఎందుకంటే, రంపం తినేదానికీ, అంచులు సరిచేయడానికీ. అంటే నల్లకర్ర మొత్తం 42 ఘనపుటంగుళాలు. ఘనపుటడుగుకి 1728. అందులో నలభయ్యో వంతు కూడా లేదు. చిత్రిక పట్టడానికి కాస్త ఎక్కువ తీసుకున్నా ఒక సంచిలో పట్టే సరుకే. దీనికి దుంగ ఎందుకు?

కర్ర అమ్మే చోటికి కాదు, కర్ర పారేసే చోటికి వెళ్ళు. పాత ఇళ్ళు కూల్చిన సామాను అమ్మేవాళ్ళ దగ్గర విరిగిన పట్టెమంచాలు పడుంటాయి. వాటిలో కొన్ని జిట్రేగివి. మీరు రోజ్‌వుడ్ అంటున్నది దాన్నే. మంచం కోళ్ళు వద్దు, తరిణె పట్టి, అంటే తిప్పుతూ చెక్కి ఉండటంతో నడుములు సన్నంగా ఉంటాయి. పక్కల పట్టె ఇమ్మని అడుగు. ఆరడుగుల పట్టె ఒక్కటి చాలు, నీ నాలుగు బద్దలూ వచ్చి ఒకటి మిగులుతుంది. పైగా అది ఏళ్ళ తరబడి ఇంట్లో ఎండిన కర్ర, అంత తేలిగ్గా వంకర పోదు. రంపం పెట్టే ముందు అయస్కాంతం పట్టుకుని నాలుగు వైపులా రాయి. పాత మేకు ఒక్కటి తగిలితే బ్లేడు పోతుంది. సన్నటి రంధ్రాలుండి, తడితే పిండి రాలుతుంటే మాత్రం ఇంటికి తేవద్దు. ఆ పురుగు నీ బీరువాకీ పడుతుంది.

ఇక్కడ కాకినాడలో పాత ఇళ్ళ తలుపులు చాలావరకు రంగూన్ టేకు. మనవాళ్ళు బర్మా వెళ్ళొచ్చిన రోజుల్లో ఓడల్లో దిగిన కలప. విదేశీ కర్ర మనకి కొత్త కాదమ్మా.

తెల్ల గళ్ళకి అంకుడు కర్ర బాగుంటుందా అని అడిగావు. ఏటికొప్పాక బొమ్మలు చేసేది దానితోనే. నునుపు, రంగు దంతంలా ఉంటుంది. కానీ మెత్తన. జిట్రేగి పక్కన పెట్టి ఉప్పుకాగితం రుద్దితే తెల్ల గళ్ళే ముందు అరిగి గుంటలు పడతాయి. దానితో పావులు తరిణె పట్టించుకో. పలకకి మాత్రం బీచ్, మేపుల్ అనే విదేశీ తెల్లకర్రల్లో ఏదో ఒకటి వాడు. దిగుమతి కలపతో ఫర్నిచర్ చేసే షెడ్లలో జానెడు, మూరెడు ముక్కలు రోజూ మిగులుతాయి. పొద్దున్నే, పని మొదలవకముందు వెళ్ళి మేస్త్రీని మర్యాదగా అడుగు. ఏం చేస్తున్నావో చెప్పు. బాబు కోసం అంటే ఎవరూ కాదనరు.

అచ్చమైన నలుపు కావాలంటే ఎబోనీయే అక్కర్లేదు. బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు కూడా ఆ జాతిదే. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని కోరమాండల్ ఎబోనీ అన్నారు. ముదురు చెట్టు మధ్యలో ఉండే చేవ నల్లగా, అక్కడక్కడ గోధుమ చారలతో ఉంటుంది.

ఎబోనీ పేరుతో నేను ఒకసారి మోసపోయాను. నాలుగు ముక్కలు నిగనిగలాడుతూ వచ్చాయి. ఇంటికొచ్చి చిత్రిక ఒక్క దెబ్బ లాగేసరికి కింద పాలిపోయిన తెల్లకర్ర. పైన రంగు. అప్పటినుంచి చివర అర అంగుళం కోసి చూపించందే డబ్బివ్వను. కొందరు గోళ్ళరంగు తుడిచే ద్రావకం రాసి చూడమంటారు, దాన్ని నమ్మకు. నిజమైన జిట్రేగి కూడా దానికి రంగు వదులుతుంది. కోసిన చోటే చూడాలి. ఎబోనీ ముక్క అయితే గ్లాసు నీళ్ళలో మునుగుతుంది కూడా.

మీ అన్నయ్య అమెరికా నుంచి పర్పుల్‌హార్ట్ అనే ఊదారంగు కర్ర సూట్‌కేసులో వేసుకొస్తానన్నాడట. వద్దని చెప్పు. మన దేశంలోకి పచ్చి కలప రావాలంటే మొక్కల తెగుళ్ళు రాకుండా పెట్టిన 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ నిబంధనల ప్రకారం కాగితాలుండాలి. రోజ్‌వుడ్ జాతి మొత్తం 2017 నుంచి సైటీస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది, దేశం దాటించాలంటే అదొక తంతు. ఇక ఎర్రచందనం ముక్క ఎవరు ఎంత ముద్దుగా చేతిలో పెట్టినా తాకకు. శేషాచలం చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. దొంగగా కొట్టిన కొమ్మ కాదని నువ్వు ఎలా తెలుసుకుంటావు? దేనికైనా బిల్లు అడుగు. బిల్లంటే మొహం తిప్పుకునే చోట కొనకు.

ఆన్‌లైన్లో పెన్నులకీ కత్తి పిడులకీ అమ్మే చిన్న దిమ్మెలు మైనం పూసి వస్తాయి. మైనం ఎందుకు? లోపల ఇంకా తడి ఉంది కాబట్టి. ఒక వైపు మైనం గీకేసి, వంటింటి త్రాసు మీద పెట్టి, తేదీ, తూకం దాని మీదే రాయి. నా దగ్గర 212 గ్రాములున్న దిమ్మె ఏడు వారాలకి 187కి దిగి ఆగింది. ఆగిన తర్వాతే కోశాను. తొందరపడితే అతికిన చోట వెంట్రుకంత సందు విడుతుంది, ఇక దాన్ని ఏ పాలిష్ కప్పదు.

జిట్రేగి జిడ్డు కర్ర. అతికించే ముందు అంచుని అసిటోన్ అనే ద్రావకంతో తుడిచి వెంటనే జిగురు పెట్టు. రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ పొట్టుకి కొందరికి దద్దుర్లు, ఆగని తుమ్ములు వస్తాయి. బాబుని ఆ గదిలోకి రానివ్వకు.

నా దగ్గర తునికి చేవ రెండు ముక్కలున్నాయి, పదేళ్ళుగా అటక మీద ఎండినవి. పలక అంచుకి నల్లగీత పెట్టడానికి సరిపోతాయి. రేపు కొరియర్ చేస్తాను. అందగానే తూచి, ఎంతుందో రాయి.

మీ పెదనాన్న