బూర స్పీకర్లు కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

పాతకాలపు పద్ధతిలో చేసిన హార్న్ స్పీకర్ల జత ఒకటి నీ కంటపడిందనీ, కొనాలో వద్దో తేల్చుకోలేకపోతున్నావనీ రాసిన ఉత్తరం అందింది. ముప్పై ఏళ్లుగా ఈ బూరల మధ్య బతుకుతున్న నేను వద్దని చెబితే నువ్వు నమ్మవు, కొనమని చెబితే మీ అమ్మ నన్ను ఊరుకోదు. అందుకని ఆ మాట పక్కన పెట్టి, వాటితో ఎలా కాపురం చెయ్యాలో, ఏ యాంప్లిఫయర్‌ని జత చెయ్యాలో, ఎప్పుడైనా వదులుకోవలసి వస్తే ఎలా అమ్మాలో రాస్తాను.

ముందు బూర చేసే పనేమిటో గట్టిగా పట్టుకో, మిగిలిన సలహాలన్నీ దాని వెంటే వస్తాయి. దూరాన ఉన్న మనిషిని పిలవడానికి నోటి చుట్టూ అరచేతులు దొప్పలా పెట్టి కేకేస్తాం కదా, బూర గొంతు వెనక బిగించి శబ్దం పుట్టించే కంప్రెషన్ డ్రైవర్‌లోని చిన్న డయాఫ్రమ్‌కు (కంపించే పలుచని పొరకు) బూర చేసే సాయం అదే. సన్నని గొంతు దగ్గర పుట్టిన ఒత్తిడిని క్రమంగా విప్పుతూ గదిలోని గాలికి అప్పగిస్తుంది, శక్తి అంతగా వృథా కాదు. అమెరికాలో అర్కన్సాస్ రాష్ట్రంలోని హోప్ అనే పట్టణంలో పాల్ క్లిప్ష్ 1946లో తయారీ మొదలుపెట్టిన క్లిప్ష్‌హార్న్‌కు ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 105 డెసిబెల్స్ మోత వస్తుందని ఆ సంస్థ చెబుతుంది. మామూలు స్పీకర్ 88 దగ్గర ఆగుతుంది. ఆ 17 డెసిబెల్స్ తేడా అంటే శక్తిలో 50 రెట్లు; అక్కడ 50 వాట్లు చేసే పని ఇక్కడ ఒక్క వాటు చేస్తుంది. ఇంట్లో తీరుబడిగా వినేటప్పుడు ఆ ఒక్క వాటులో కూడా చిన్న భాగమే ఖర్చవుతుంది.

అందుకే యాంప్ ఎన్ని వాట్లది అని అడగడం దండగ. వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి 300బి అనే వాల్వు (గాజు బుడ్డి) చానెల్‌కు ఒక్కటి చొప్పున అవుట్‌పుట్‌లో వాడే సింగిల్ ఎండెడ్ యాంప్ సుమారు 8 వాట్లు ఇస్తుంది, గది నిండడానికి అది చాలా ఎక్కువ. అడగవలసింది ఆ యాంప్ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందని. పాటను 50 రెట్లు పెంచే బూర, యాంప్‌లోని హిస్‌నీ (బుసనీ) హమ్‌నీ (గుయ్యిమనే రొదనీ) కూడా అంతే శ్రద్ధగా పెంచి వినిపిస్తుంది. రాత్రి ఫ్యాను ఆపి, పాటేదీ పెట్టకుండా, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి యాంప్ వెయ్యి. బూర నోట్లో చెవి పెడితే సన్నని సవ్వడి వినిపించడం సహజమే, కానీ నువ్వు కూర్చునే కుర్చీ దాకా అది వచ్చిందంటే ఎంత పేరున్న యాంప్ అయినా నీకు పనికిరాదు.

రెండో చిక్కు గెయిన్, అంటే యాంప్ పాటను పెంచే మోతాదు. ఈ స్పీకర్లతో వాల్యూమ్ మీట కొద్దిగా కదిపేసరికే గది దద్దరిల్లుతుంది. మీట మొదటి భాగంలో కుడి ఎడమ చానెళ్లు సమానంగా నడవవు, పాటగత్తె గొంతు ఒక పక్కకు ఒరిగిపోతుంది, కొత్తవాళ్లు దాన్ని స్పీకర్ లోపమనుకుంటారు. స్పీకర్లను నడిపే పవర్ యాంప్‌కు ముందుండే చిన్న యాంప్‌ను, అంటే ప్రీయాంప్‌ను, తీసేసి చూడు, లేదా పవర్ యాంప్‌కు ముందు సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ ఒకటి పెట్టి మీటను సగం దాకా తిప్పుకునే వీలు కల్పించుకో. వాల్వులు తప్ప ఇంకేవీ బూరలకు కుదరవనే మాట నేను ఒప్పుకోను. నిశ్శబ్దంగా ఉండే చిన్న క్లాస్ ఎ ట్రాన్సిస్టర్ యాంప్ చాలా వాల్వు యాంప్‌ల కంటే నన్ను తృప్తిపరిచింది. వాల్వులే కావాలంటే మాత్రం డ్రైవర్ కరెంటుకు పెట్టే అడ్డు ఎన్ని ఓమ్‌లో చూసి, ఆల్టెక్ సంస్థ పాత డ్రైవర్లలా 16 ఓమ్‌లదైతే యాంప్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు 16 ఓమ్‌ల ట్యాప్ (తీగ తగిలించే చోటు) ఉన్నదే ఎంచుకో.

పవర్ యాంప్‌ను అన్నిటికంటే చివర వెయ్యాలి, అన్నిటికంటే ముందు ఆపాలి. ఈ వరస తప్పి నేనొకసారి వాల్వు ప్రీయాంప్‌ను ముందు ఆపాను. ధబ్ మని ఒక్క చప్పుడు, ఆ తర్వాత ఎడమ బూర మూగబోయింది. విప్పి చూస్తే డయాఫ్రమ్ అంచు దగ్గర వెంట్రుకంత తీగ తెగి ఉంది. కొత్త డయాఫ్రమ్ చక్కగానే అమరింది గాని రెండు వైపులా గొంతు ఒకేలా లేదు, చివరకు బాగున్న కుడివైపుది కూడా మార్చవలసి వచ్చింది. పై స్వరాలనూ కింది స్వరాలనూ విడదీసి పంచే క్రాసోవర్‌ను పక్కనపెట్టి బూరకు విడిగా ఒక యాంప్ ఇచ్చే ఆలోచన ఎప్పుడైనా వస్తే, డ్రైవర్‌కు సిరీస్‌లో కాపలాగా, కింది స్వరాలను అడ్డుకునే ఒక కెపాసిటర్ లేకుండా ఆ పని చెయ్యకు.

ఇక గది. 40 హెర్ట్జ్ లాంటి కింది స్వరం అల పొడవు ఎనిమిదిన్నర మీటర్ల చిల్లర. అంత అలను మోసే బూర నోరు మామూలు ఇంట్లో పట్టదు. క్లిప్ష్ చేసిన యుక్తి ఏమిటంటే, బూరను మడిచి పెట్టెలో ఇమిడ్చి, గది మూలలోని గోడలనే మిగతా బూరగా వాడుకున్నాడు. కనుక మూలల స్పీకర్లు కొనేవాడికి ఒకే గోడకు రెండు చివర్లా తలుపూ కిటికీ లేని గట్టి మూలలు రెండు కావాలి. మిగతా రకాలకు దూరం ముఖ్యం. వూఫర్ (కింది స్వరాల స్పీకర్), మధ్య బూర, పై బూర మూడూ కలిసి ఒక్క గొంతుగా వినిపించాలంటే కనీసం మూడు నాలుగు మీటర్ల దూరాన కూర్చోవాలి. మరీ దగ్గర కూర్చుంటే పాట కాక పెట్టెలోని భాగాలు వినపడతాయి. కుడి ఎడమలు రెండూ ఒకే పెట్టెలో ఇమిడ్చి అమెరికా స్పీకర్ల సంస్థ జేబీఎల్ 1957లో తెచ్చిన పారగాన్ సుమారు తొమ్మిది అడుగుల వెడల్పు. మనసు పడ్డవాళ్లెందరో దాన్ని గుమ్మం దాటించలేక వదులుకుని ఉంటారు.

చూడడానికి వెళ్లినప్పుడు మల్టీమీటర్ తీసుకెళ్లు. 8 ఓమ్‌ల డ్రైవర్ దానిలో సుమారు 6 చూపిస్తే సరే, ముల్లు కదలకపోతే లోపలి కాయిల్ (తీగచుట్ట) తెగినట్టే. వూఫర్ కోనును (ముందున్న గరాటులాంటి పొరను) రెండు చేతుల వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కు. ఇసుక రాపిడి లాంటి చప్పుడొస్తే కాయిల్ ఒరుసుకుంటోందన్నమాట. బ్యాటరీ తగిలించి కోను ఎటు కదులుతుందో చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకో: పాత జేబీఎల్ వూఫర్లలో ఎర్ర టెర్మినల్‌కు ప్లస్ ఇస్తే కోను లోపలికి పోతుంది, అది ఆ సంస్థ పాత పద్ధతే గాని లోపం కాదు. ఆల్నికో అయస్కాంతానికి ఎక్కువ ధర ఎందుకని అడిగావు. దానిలో కోబాల్ట్ ఉంటుంది. 1978లో జైర్ దేశంలోని (ఇప్పటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలోని) షాబాలో జరిగిన పోరుతో కోబాల్ట్ ప్రియమై, స్పీకర్ల తయారీదారులు చాలామంది ఫెరైట్ అనే అయస్కాంతాలకు మారిపోయారు. పాత సరుకు తక్కువ కనుక ధర ఎక్కువ, అంతే గాని ఫెరైట్‌ది చెడ్డదని కాదు. ఆల్నికో ఏళ్లు గడిచి బలం తగ్గినా దానికి మళ్లీ అయస్కాంతశక్తి ఎక్కించవచ్చు.

క్రాసోవర్‌లో ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్చక తప్పదు, కానీ తీసినవాటిని పారెయ్యకు. ఒక సంచిలో వేసి, ఏది ఎక్కడిదో, ఎప్పుడు తీశావో చీటీ రాసి పెట్టెతోపాటే ఉంచు. పెట్టెకు కొత్త పాలిష్ చెయ్యడం, పేరు పలక మార్చడం, తళతళలాడాలని బూరకు రంగు వెయ్యడం, ఇవన్నీ చేజేతులా ధర తగ్గించుకోవడమే.

అమ్మేటప్పుడు అందరూ అడుగుతున్న ధరలు చూడకు, నిజంగా అమ్ముడైన ధరలు వెతుకు. దగ్గర దగ్గర సీరియల్ నంబర్లున్న జతను విడదీసి డ్రైవర్లు ఒకరికీ పెట్టెలు ఒకరికీ అమ్మితే డబ్బు ఎక్కువే రావచ్చు, నాకు మాత్రం ఆ పని చెయ్యడానికి చేతులు రావు. గీతలూ అతుకులూ మార్చిన డయాఫ్రమ్‌లూ ఉంటే వాటి ఫొటోలే ముందు పంపు. బూర ఏదీ దాచదు కనుక, నువ్వు చెప్పనిది మొదటి పాటలోనే కొన్నవాడికి వినపడుతుంది. కొనేవాడిని తన యాంప్, తన రికార్డు తెచ్చుకోమని చెప్పి, ఒక పూట ఒంటరిగా విననివ్వు. పంపేటప్పుడు కంప్రెషన్ డ్రైవర్లను పెట్టెలోనే వదిలెయ్యకు. నేను వదిలేస్తే, దారిలో లారీ కుదుపులకు పది కిలోలకు పైబడిన అయస్కాంతం బోల్టులతో సహా చెక్కను చీల్చుకుని వూఫర్ మీద పడింది. వాటిని విప్పి, ఇనుప రజను చొరబడకుండా గొంతులకు టేపు వేసి, వేరే చెక్కపెట్టెలో పంపాలి.

నీ గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు, గది మూలల కొలతలు తిరుగు టపాలో రాయి. అవి చూశాక ధర సంగతి మాట్లాడదాం.

మీ మామయ్య