స్థలం అమ్మి గ్రాండ్ పియానో కొనవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ. నా వయసు 36. పాశ్చాత్య శాస్త్రీయ పియానో నా వృత్తి. ఇంట్లో 24 మంది పిల్లలకు నెలకు 2,500 రూపాయల చొప్పున నేర్పుతాను, ఏప్రిల్, మే నెలల్లో సగం మందే వస్తారు. శని, ఆదివారాలు బీచ్ రోడ్డులో ఒక హోటల్లో వాయిస్తే నెలకు 20,000 వస్తాయి. గత ఏడాది చెన్నై, బెంగళూరు, ముంబైలలో అయిదు కచేరీలు చేస్తే 1,75,000 వచ్చింది, ప్రయాణాలకు, బసకు 95,000 అయింది. అమ్మకు, నాకు కలిపి నెల ఖర్చు 45,000. ఆరు లక్షల ఎఫ్‌డీ, నా పేరిట వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నాయి. పాఠాలు మానేసి, భీమిలి దగ్గర అమ్మ పేరిట ఉన్న స్థలం అమ్మి, 16 లక్షల గ్రాండ్ పియానో కొని కచేరీలకే పరిమితం కావాలని ఉంది. ఇది సరైన ఆలోచనేనా?

జవాబు: కాదనే చెప్పాలి. మీ లెక్కల ప్రకారం ఖర్చులు పోను ఏడాదికి వచ్చే 9,80,000లో పాఠాల వాటా 6,60,000. హోటల్‌ది 2,40,000. కచేరీల్లో మిగిలింది 80,000, అంటే ఒక్కోదానికి 16,000. దాని వెనుక ఉన్న నెలల సాధనకు విలువ కడితే ఇంకేమీ మిగలదు. పాఠాలు మానేస్తే అమ్మగారి మందులకే ఎఫ్‌డీ విరగ్గొట్టవలసి వస్తుంది.

అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్ 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచి పేరు పొందినవారు. సరిగ్గా మీ వయసులో, 1964 ప్రాంతంలో, ఆయన కుడిచేతి వేళ్లు ముడుచుకుపోవడం మొదలైంది. దశాబ్దాల పాటు ఎడమచేతికి రాసిన రచనలే వాయించవలసి వచ్చింది. అప్పటికే, 1959 నుంచి, ఆయన బాల్టిమోర్‌లోని పీబాడీ సంస్థలో బోధిస్తున్నారు, ఆ ఉద్యోగం చివరిదాకా కొనసాగింది. మీ 24 మంది పిల్లలను నేను అలాంటి ఆధారంగానే చూస్తున్నాను.

ఇక్కడే బీమా సంగతి కూడా చెప్పాలి. మీరు తీసుకున్న వ్యక్తిగత ప్రమాద బీమా స్కూటర్ మీద నుంచి పడి చెయ్యి దెబ్బతింటే పనికొస్తుంది గాని, ఏళ్ల తరబడి సాధనతో నరాలు, కండరాలు అరిగితే సాధారణంగా వర్తించదు, ఎందుకంటే అది ‘ప్రమాదం’ నిర్వచనంలోకి రాదు. అలాంటి నష్టానికి పాలసీ వెతకడం కంటే, తొమ్మిది నెలల ఖర్చు, అంటే 4,05,000, ఎఫ్‌డీలోనే కదపకుండా ఉంచడం మేలు. అమ్మగారికి ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

పన్ను విషయం చిన్నదే. కొత్త విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది కనుక, హోటల్ వారు టీడీఎస్ కోసుకుంటుంటే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోండి.

ఇక పియానో. మన ఊరి సముద్రపు తేమ దానికి బద్ధశత్రువు. లాసన్స్ బే కాలనీలో మాకు తెలిసినవారి ఇంట్లో ఒక పాత పియానో ఉంది, వానాకాలంలో నొక్కిన మెట్టు తిరిగి లేవదు, గోటితో పైకి ఎత్తాలి. కర్రపలక ఉబ్బుతుంది, తీగలు తుప్పు పడతాయి, ఏడాదికి కనీసం రెండుసార్లు శ్రుతి చేయించాలి. బంగారంలా దాచిపెడితే ధర పెరిగే వస్తువు కాదది. పైగా స్థలం మీది కాదు, అమ్మగారి వృద్ధాప్యానికి మిగిలిన ఆసరా. పది లక్షలు అప్పు తెచ్చినా 13 శాతం వడ్డీతో అయిదేళ్ల పాటు నెలకు 22,750 దాకా కట్టాలి, ఏప్రిల్, మే నెలల్లో అది మీ మెడకు ఉరే.

ఎఫ్‌డీలో మిగిలే 1,95,000కు నెలకు 25,000 చొప్పున కలిపితే ఆరేడు నెలల్లో మంచి పాత అప్‌రైట్ పియానోకు, అంటే గోడకు ఆనించే నిలువు రకానికి, సరిపోతుంది. కొనేముందు శ్రుతి చేసే ట్యూనర్‌ను వెంట తీసుకెళ్లి, తీగలు చుట్టిన శ్రుతి మేకులు బిగువుగా ఉన్నాయో లేదో చూపించండి. ఇంట్లో సముద్రం వైపు కిటికీకి దూరంగా, లోపలి గోడకు పెట్టించి, గృహ బీమాలో దాన్ని విడిగా పేర్కొనేలా చూసుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మన కిటికీల గతి ఏమైందో మీకు గుర్తుండే ఉంటుంది.

కచేరీకి ముందు గ్రాండ్ మీద చేయి తిరగాలన్నది నిజమే. మీరు వాయించే హోటల్లో గ్రాండ్ పియానో ఉంటే పగలంతా అది ఖాళీగానే ఉంటుంది కదా! ఈసారి ఒప్పందం మార్చుకునేటప్పుడు జీతం పెంచమనకండి, వారానికి మూడు రోజులు ఉదయం రెండు గంటల సాధనకు అనుమతి రాతపూర్వకంగా అడగండి.