లోపం చూపిస్తే కేసా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా చెల్లికి స్కాలర్‌షిప్ ఫారం నింపుతూ, ఆ సైట్ అడ్రస్ చివరనున్న నంబర్‌లో ఒక అంకె మార్చి చూశాను. వేరే అమ్మాయి ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ తెరుచుకున్నాయి! సైట్ వాళ్లకి చెబుదామంటే నాన్న "నీకెందుకురా, పోలీసు కేసైతే ఉద్యోగం కూడా రాదు" అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థి, విజయనగరం జిల్లా

జవాబు: చెప్పాలి తమ్ముడూ. అయితే మీ నాన్నగారి భయాన్ని కొట్టిపారేయలేను.

మన ఐటీ చట్టం 2000 నాటిది. యజమాని అనుమతి లేకుండా సిస్టమ్‌లోకి వెళ్లినా, డేటా కాపీ చేసినా 43వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగొచ్చు, మంచికే వెళ్లానన్నవాడికి అందులో ప్రత్యేకంగా మినహాయింపేమీ రాయలేదు. అదే పని దురుద్దేశంతోనో మోసం చేయడానికో చేస్తే 66వ సెక్షన్, మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నీకు దురుద్దేశం లేదు, నిజమే. కానీ ఆ సంగతి తేలేసరికి ఫిర్యాదు, స్టేషన్, లాప్‌టాప్ పట్టుకుపోవడం అన్నీ అయిపోవచ్చు, అదీ ప్లేస్‌మెంట్స్ ముందు! ఏ ఇంట్లోనైనా టెన్షన్ పడరా?

ఇది మన ఒక్కరి గొడవ కాదు. బ్రిటన్ వాళ్ల చట్టం 1990ది, దాన్ని మార్చమని అక్కడి సైబర్ సెక్యూరిటీ రంగం ఏళ్లుగా అడుగుతోంది. అమెరికా చట్టం 1986ది. మంచి ఉద్దేశంతో ఇలా లోపాలు వెతికే పరిశోధన మీద కేసులు పెట్టొద్దని 2022 మేలో అక్కడి న్యాయశాఖ తన ప్రాసిక్యూటర్లకి చెప్పింది, కానీ అది శాఖ విధానమే, చట్టం మారలేదు. నాకు నచ్చింది బెల్జియం పద్ధతి. మోసం చేసే ఉద్దేశం లేకుండా, అవసరానికి మించి తవ్వకుండా, లోపాన్ని వెంటనే ఆ సంస్థకీ ప్రభుత్వ సైబర్ కేంద్రానికీ చెప్పి, అనుమతి లేకుండా బయటపెట్టనివాడికి 2023 ఫిబ్రవరి నుంచి చట్టంలోనే రక్షణ ఇచ్చారు. మన 43, 66 సెక్షన్ల పక్కన అలాంటి నిబంధన ఒకటి చేర్చడానికి పార్లమెంటుకి ఏం అడ్డం? ఇప్పుడున్న పద్ధతిలో నీలాంటివాడు నోరు మూసుకుంటాడు, దొంగ మాత్రం ఆగడు, ఆ అమ్మాయి పాస్‌బుక్ అలాగే బయట పడి ఉంటుంది.

ఇక నీ సంగతి. ఇంకో అంకె మార్చి చూడొద్దు. స్క్రీన్‌షాట్ తీసి ఉంటే ఎవరికీ పంపొద్దు, ముఖ్యంగా క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. లోపాలు తెలియజేయడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఉంది, వాళ్ల వెబ్‌సైట్‌లో ఎలా పంపాలో రాసి ఉంటుంది. ఏ పేజీ, ఏ అంకె మారిస్తే ఏం కనిపించింది, ఏ రోజు, ఇంతే రాయి, ఆ అమ్మాయి వివరాలు మాత్రం వద్దు. డబ్బు మాట ఎత్తకు, ఎత్తితే బెదిరింపు అనుకుంటారు. పంపిన మెయిల్, వచ్చిన జవాబు దాచుకో. ఎవరైనా నోటీసు పంపితే ఒక్కడివే వెళ్లకుండా ముందు విజయనగరంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థని కలువు, అర్హత ఉన్నవాళ్లకి లాయర్‌ని ఉచితంగానే ఇస్తారు.